ఉగ్గుగిన్నెతో ఆముదం

పడవ ఇంజను మెకానిక్కుగా పనిచేశానని చెబితే మావైపు వాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. డోన్ దగ్గర పల్లెలో పుట్టినవాడికి పడవేమిటి, దానికి ఇంజనేమిటి అని వాళ్ల అనుమానం. అందులో తప్పేమీ లేదు. మా ఊళ్లో నీళ్లంటే బావిలోకి వంగి వెతుక్కోవలసినవి. కర్నూలు పక్కన పారే తుంగభద్ర కూడా ఏడాదిలో సగానికి పైగా ఇసుకే. మిగతా నెలల్లో మాత్రం మనిషిని దగ్గరికి రానివ్వదు. ఆ నది మీద నేను నాలుగేళ్లు ఉద్యోగం చేశాను.

ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను చూడడానికి వచ్చినప్పుడు, మీరు బాగుచేసిన పెద్ద ఇంజన్ల గురించి చెప్పండి సార్ అంటారు. బాగుపడిన ఇంజన్ల గురించి చెప్పడానికి ఏముంది? అవి నడిచాయి, నేను జీతం తీసుకున్నాను. నేను పాస్ చేసి పాడుచేసిన ఇంజను ఒకటుంది. దాని గురించి చెబుతాను, వినండి.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఊళ్లో ఎక్కడ చూసినా డేరాలు, వాటి ముందు బల్లలు, బల్లల మీద గాలికి ఎగిరిపోకుండా రాళ్లు పెట్టిన కాగితాలు. మా క్యాంపు ఊరికి ఎగువన, ఏటి ఒడ్డున ఉండేది. నదిలో నీళ్లు ఎంత వడిగా పోతున్నాయో కొలవడం మా పని. పడవలో ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు పోతూ, దారిలో అక్కడక్కడా ఆగి, ఇత్తడి రెక్కలున్న ఒక పరికరాన్ని నీళ్లలోకి దింపి, అది ఎన్నిసార్లు తిరిగిందో రాసుకోవాలి. వినడానికి పిల్లలాటలా ఉంటుంది. ఆగస్టులో ఎర్రనీళ్లు వచ్చినప్పుడు నది మధ్యలో పడవను కదలకుండా నిలపడం ఎంత పనో చేసినవాళ్లకే తెలుసు.

పడవను నిలపడానికే వెనకవైపు ఒక మోటారు తగిలించేవాళ్లు. మిలటరీ వాళ్లు యుద్ధం తర్వాత వేలంలో వదిలించుకున్న సరుకు. దానికి రెండు సిలిండర్లు, ఒకదాని మీద ఒకటి. నెత్తిన ఒక చక్రం, దానికి తాడు చుట్టి గుంజితే స్టార్టవుతుంది. ఏటి ఒడ్డు జనం దాన్ని తోక మిషను అనేవాళ్లు. మోటారు ఒప్పుకోని రోజుల కోసం ఇద్దరు పుట్టి మనుషులను కూడా సీజను పొడుగునా పెట్టుకునేవాళ్లం. పుట్టి అంటే వెదురు అల్లి, తోలు కప్పిన గుండ్రటి పడవ. పెద్ద గంప అనుకోండి.

ఈ మోటారును కనిపెట్టుకుని ఉండేది ఒక ముసలి మేస్త్రీ. కర్నూలు సాయబు. అందరూ ఉస్తాద్ అనేవాళ్లం. ఏ పరీక్షా పాసు కాలేదు. లారీల దగ్గర మొదలుపెట్టి, పిండి మరలు, పంపు ఇంజన్లు దాటుకుని పడవ దగ్గరికి వచ్చారు. నేను మద్రాసులో రెండేళ్లు ఇంజన్ల పని నేర్చుకుని, సర్టిఫికెట్టు చుట్టి రేకు గొట్టంలో పెట్టుకుని వచ్చినవాణ్ణి. మా ఇంట్లో వాళ్లకు సేద్యం వదిలి నూనె చేతులవాడినయ్యానని చిన్నతనంగా ఉండేది. అందుకని నా చదువు మీద నాకు ఉండవలసిన దానికంటే ఎక్కువ గౌరవం ఉండేది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారే, అట్లా.

ఉస్తాద్ ఇంజనులో కంప్రెషను చూసే తీరు నాకు మొదట్లో నవ్వు తెప్పించేది. సిలిండరులో పిస్టను పైకి వచ్చినప్పుడు లోపలి గాలిని గట్టిగా నొక్కాలి. ఆ నొక్కుడులోనే ఇంజను బలమంతా ఉంది. పిస్టను చుట్టూ ఉండే రింగులు అరిగితే గాలి పక్కల నుంచి జారిపోతుంది, బలం పోతుంది. ఆయన ప్లగ్గు విప్పి, ఆ బొక్క మీద బొటనవేలు ఒత్తిపెట్టి, ఇంకొకరిని తాడు గుంజమనేవారు. గాలి వేలిని ఎట్లా ఎగరేసిందో చూసి ఇంజను సంగతి చెప్పేవారు. కంప్రెషనుకు ఆయన మాట దమ్ము.

నేను చేరిన ఏడాది డిసెంబరులో, నీళ్లు తగ్గి పడవను ఒడ్డుకు లాగేముందు, చివరిసారి మోటారు నడిపి వచ్చాం. ఇంజను ఇంకా కాలుతూనే ఉంది. ఉస్తాద్ రెండు ప్లగ్గులూ విప్పి వేలు పెట్టారు. పైదానికి బాగానే తల ఊపారు. కిందిదాని మీద మూడుసార్లు పెట్టి, మూడుసార్లూ మొహం చిట్లించారు.

"కిందిదానికి దమ్ము తగ్గిందప్పా. రింగులు పోయినట్లుండాయి. వచ్చే ఏడు పెద్దనీళ్లలోకి దీన్ని తీస్కపోగూడదు."

"ఎంత తగ్గింది ఉస్తాద్?"

"శానా తగ్గింది."

"శానా అంటే ఎంత? లెక్కలో చెప్పండి."

ఆయన తన బొటనవేలిని ఒకసారి చూసుకుని, "దీనికి లెక్కలు రావప్పా" అన్నారు.

ఆ తర్వాత షెడ్డులో మేకుకు తగిలించిన ఒక ఇత్తడి ఉగ్గుగిన్నె తీశారు. చంటిపిల్లలకు పాలు పట్టే ముక్కుగిన్నె. ఆయన పిల్లలందరూ దాంతో తాగి పెరిగినవాళ్లే. అందులో ఆముదం పోసుకుని, ఆ ముక్కును ప్లగ్గు బొక్కలో పెట్టి, పసిపిల్లకు తాపినట్లు నెమ్మదిగా సిలిండర్లకు తాపారు. చక్రాన్ని చేత్తో రెండు చుట్లు తిప్పి, ప్లగ్గులు బిగించి, మోటారు మీద గోనెపట్టా కప్పారు. మా నది ఎండిపోయే నది కాబట్టి ఈ మోటారు ఏడాదికి ఆరేడు నెలలు ఊరికే పడి ఉండేది. లోపల తుప్పు పట్టకుండా ఆయన ప్రతి ఏడూ ఇట్లా చేసేవారు. నేను పక్కన నిలబడి చూశాను. చూసి నవ్వుకున్నానేగాని ఎన్ని గిన్నెలు పోశారో లెక్కపెట్టలేదు. లెక్కలు కావాలన్నవాణ్ణి నేనే.

ఎండాకాలం సెలవులో మద్రాసు వెళ్లి, పాత సామాన్ల బజారులో ఒక కంప్రెషను గేజి కొన్నాను. గడియారమంత ఉంటుంది. ప్లగ్గు స్థానంలో దాన్ని బిగించి తాడు గుంజితే లోపలి ఒత్తిడి ఎన్ని పౌన్లో ముల్లు చూపిస్తుంది. తిరుగు రైల్లో దాన్ని మూడుసార్లు సంచిలోంచి తీసి చూసుకున్నాను.

జూను వచ్చింది. మా ఓవర్సీరుకు మోటారు ఎట్లాగైనా నడవాలని ఉంది. ఆయన కోస్తావైపు మనిషి, కృష్ణ కాలవల్లో పడవలు చూసి పెరిగినవాడు. గంపలో కూర్చుని గిరగిరా తిరుగుతూ నది కొలవడం ఆయనకు నామోషీ. పనిలో మంచివాడే. ఆయనే నన్ను పిలిచి, "ఏవయ్యా, మేస్త్రీ ఇంజను పనికిరాదంటున్నాడు. రింగులకు రాస్తే మద్రాసు నుంచి వచ్చేసరికి సీజను అయిపోతుంది. నీ గేజి పెట్టి చూడు. నువ్వు సంతకం పెడితే నడుపుదాం" అన్నాడు.

షెడ్డులో అందరి ముందూ పరీక్ష పెట్టాను. గోనెపట్టా తీశాను. రెండు ప్లగ్గులూ విప్పాను. పెట్రోలు, గాలి పోయే దారి పూర్తిగా తెరిచాను. పుస్తకంలో ఉన్నట్లు ఒక్కొక్కదానికి ఐదుసార్లు తాడు గుంజాను. పై సిలిండరు ఎనభై. కింది సిలిండరు ఎనభై ఐదు.

ఇక్కడ మీరు ఒక్క నిమిషం ఆగండి. నేను ఆగలేదు. ఆరు నెలల కింద బలహీనమన్న సిలిండరు, ఏ రిపేరూ లేకుండా, బాగున్నదానికంటే ఐదు పౌన్లు ఎక్కువ చూపిస్తోంది. పాత ఇంజనుకు బలం తరగడమేగాని పెరగడం ఎక్కడా లేదు. ఆ అంకె చూడగానే నాకు అనుమానం రావాలి. నాకు వచ్చింది సంతోషం.

"ఉస్తాద్, మీరూ ఒకసారి వేలు పెట్టి చూడండి" అన్నాను. గౌరవంగా అన్నట్లే అన్నాను. లోపల ఉన్నది గౌరవం కాదని నాకు తెలుసు.

ఆయన కింది సిలిండరు మీద బొటనవేలు పెట్టారు. నేను తాడు గుంజాను. వేలు టప్పున ఎగిరింది. ఆయన మళ్లీ పెట్టారు. మళ్లీ ఎగిరింది. ఆయన మొహంలో రంగు మారింది.

"దమ్ముండాది" అన్నారు నెమ్మదిగా. "కిందిదానికీ ఉండాది."

"మరి డిసెంబరులో లేదన్నావు కదయ్యా?" అన్నాడు ఓవర్సీరు.

"అప్పుడు లేదు సార్. ఇప్పుడుండాది. ఎట్లొచ్చిందో నాకు తెల్దు."

"వేసవి సెలవులకు పుట్టింటికి వెళ్లి బలం పుంజుకుని వచ్చిందేమో!"

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ నవ్వు గుర్తొస్తే నా చెవులు నాకే వేడెక్కుతాయి.

పరీక్ష తర్వాత మోటారును నీళ్ల డ్రమ్ములో పెట్టి ఐదు నిమిషాలు నడిపాను. పొగ కొంచెం ఎక్కువగా వచ్చింది. కొత్త సీజను కదా అనుకున్నాను. వేడెక్కాక ఇంకోసారి గేజి పెట్టలేదు. సంతకం పెట్టాను. ఓవర్సీరు ఆ రోజే పుట్టి మనుషులకు ఈ ఏడు రానవసరం లేదని కబురు పంపాడు.

వారం తిరక్కముందే ఉస్తాద్ షెడ్డు తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టారు.

"ఏంటికి ఉస్తాద్? ఎక్కడికన్నా పోతాండారా?"

"బద్వేలులో కూతురుండాది. ఆడికి పోతాండా. ఇంగ రాను."

"ఒక ఇంజను గురించి ఇంత పట్టింపా?"

"ఇంజను గురించి కాదప్పా." ఆయన బొటనవేలు చూపించారు. నూనె నల్లగా ఎక్కి, గోరు పక్కకు తిరిగి, కట్టెముక్కలా ఉండేది. "ఇన్నేండ్లు దీంతోనే అన్నం తిన్నా. ఒకనాడు లేదనింది, ఒకనాడు ఉండాదనింది. రెంట్లో ఏదో ఒకటి అబద్ధం గదా. అబద్ధం చెప్పే ఏలు పెట్టుకోని పదిమందిని నీళ్లలోకి ఎట్ల పంపల్ల? చెయ్యి పోయింది, అంతే. వయసైపాయ."

తాళాలు ఇచ్చి, ఒక్క మాట చెప్పి పోయారు. "నా కాడ ఒక పద్ధతుండాది. ఇంజను పాస్ చేసినోడు పడవలో కూచోవల్ల. నువ్వు గూడా కూచో."

ఆయన్ని ఆపాలని నాకు తోచలేదు. తోచలేదనడం కూడా అబద్ధమే, ఆపాలనిపించలేదు. తాళాలు బరువుగా, చల్లగా చేతిలో ఉన్నాయి. షెడ్డు నాదైంది.

జూలైలో తక్కువ నీళ్లలో నాలుగైదుసార్లు నడిపాం. ఒడ్డు వెంట, నెమ్మదిగా. మోటారు బాగానే ఉంది. ఆగస్టు రెండో వారంలో ఎర్రనీళ్లు దిగాయి. కొట్టుకొచ్చిన తుమ్మచెట్లు వేళ్లు పైకి పెట్టుకుని పోతున్నాయి. కొలతలు అసలు కావలసింది ఇట్లాంటి రోజుల్లోనే. పొద్దున్నే బయలుదేరాం. ఓవర్సీరు, పరికరం దింపే ఖలాసీ, నేను. ఉస్తాద్ పద్ధతి ప్రకారం నేను మోటారు దగ్గర కూర్చున్నాను.

నది మధ్యకు చేరి పడవను ఎదురు తిప్పి నిలబెట్టాలంటే మోటారును పూర్తిగా తెరవాలి. తెరిచాను. అరగంట సేపు గట్టిగా లాగింది. రెండు చోట్ల కొలతలు తీశాం. మూడోచోట శబ్దం మారింది. అప్పటిదాకా ఇద్దరు కలిసి దంచుతున్న రోకలిపోటులా ఉన్నది, ఒకరు ఆగిపోయి ఒకరే దంచుతున్నట్లు అయింది. ఒడ్డున ఒక బండను గుర్తుగా పెట్టుకుని ఉన్నాను. ఆ బండ మెల్లగా ముందుకు పోతోంది. అంటే మేం వెనక్కి పోతున్నాం.

"ఏవయింది?" అన్నాడు ఓవర్సీరు.

"ప్లగ్గు సార్" అన్నాను. ప్లగ్గు మార్చాలంటే ఇంజను ఆపాలి. ఆపాను. కింది ప్లగ్గు మార్చి తాడు గుంజాను. చెయ్యి తాడు మీద పడగానే తెలిసిపోయింది. ఒక పక్క తాడు బిగిసి వస్తోంది, ఇంకో పక్క ఊరికే జారి వస్తోంది. గేజి అక్కర్లేదు, లెక్క అక్కర్లేదు. కిందిదానికి దమ్ము లేదు. ఆ మాటే, ఉస్తాద్ మాటే, నాకు తోచింది. ఎన్నిసార్లు గుంజినా, ఆ వేడి మీద ఇంజను దగ్గి ఊరుకుంది.

ఆ చోటికి కింద మైలు దూరంలో నదికి అడ్డంగా బండల వరుస ఉంది. ఎండాకాలంలో మేం వాటి మీద కూర్చుని అన్నాలు తినేవాళ్లం. ఇప్పుడు వాటి మీద నీళ్లు తెల్లగా లేస్తున్నాయి. పడవ అడ్డం తిరిగింది. పరికరం ఇంకా నీళ్లలోనే ఉంది. దాని తీగ ఏదో కొట్టుకొచ్చిన మానుకు చుట్టుకుని పడవను ఒక పక్కకు వంచింది. ఖలాసీ తీగ కోసేశాడు. ఇత్తడి రెక్కల పరికరం అట్లాగే నది పాలైంది.

"ఈత వచ్చా నీకు?" అన్నాడు ఓవర్సీరు. ఆయన పెదవులు తెల్లబడ్డాయి.

మా ఊళ్లో ఈత నేర్చుకోవాలంటే ముందు నీళ్లుండాలి. రాదన్నాను. ఆయన నా వైపు చూసిన చూపులో కోపం లేదు. అది ఉంటే బాగుండేది. అప్పుడు భయం కంటే ముందు నాకు సిగ్గేసింది. ఆ కాగితం మీద నా సంతకం గుండ్రంగా, అందంగా ఉండడం కళ్ల ముందు కనబడింది.

మమ్మల్ని కాపాడింది ఆ ఏడు రావద్దన్న పుట్టి మనిషి. మా దగ్గర పని పోయాక ఊరివాళ్లను ఏరు దాటిస్తూ బతుకుతున్నాడు. మోటారు శబ్దం ఆగిపోగానే ఒడ్డు నుంచి చూశాడట. పుట్టి గిరగిరా తిరుగుతూ మా వైపు వచ్చింది. దగ్గరికి రాగానే తాడు విసిరాడు.

"కట్టుకోండప్పా, గట్టిగా! ఆ మిషను పైకి తియ్యండి, నీళ్లకు అడ్డం పడ్తాంది!"

మోటారు పైకెత్తాం. పుట్టి మనిషి ఒడ్డు వైపు తిన్నగా లాగడానికి ప్రయత్నించనే లేదు. నీళ్లు పోయేవైపే పోనిస్తూ, ప్రతి తెడ్డుకూ రెండు మూరలు పక్కకు జరుపుతున్నాడు.

"ఒడ్డుకు తిప్పు, ఒడ్డుకు!" అని అరిచాడు ఓవర్సీరు.

"ఏటితో కొట్లాడగూడదు సార్. అది పోయే తట్టే పోతా పక్కకు జరగల్ల. ఊరకుండండి."

బండలకు నాలుగు బారల ఎగువన ఒడ్డు తగిలింది. నేను ఇసుకలో కూర్చుండిపోయాను. ఖలాసీ ఏడుస్తున్నాడు. పుట్టి మనిషి తలగుడ్డ పిండుకుంటూ, "ఈ ఏడు పుట్లు అక్కర్లేదంటిరి గద సార్" అన్నాడు. ఎత్తిపొడుపు లేదు, సంగతి గుర్తుచేసినట్లే అన్నాడు. ఓవర్సీరు తలవంచుకున్నాడు. మర్నాటి నుంచి పుట్టి మనుషులిద్దరూ మళ్లీ పనిలోకి వచ్చారు.

మూడో రోజు షెడ్డులో మోటారును డ్రమ్ములో పెట్టి, ఒంటి సిలిండరుతోనే బాగా వేడెక్కేదాకా నడిపి, గేజి పెట్టాను. పైది డెబ్భై ఎనిమిది. కిందిది నలభై. గేజి తప్పేమోనని లారీ షెడ్డుకు తీసుకుపోయి వాళ్ల గాలిపంపు మీద సరిచూశాను. గేజి నిక్షేపంగా ఉంది. మరి జూనులో ఎనభై ఐదు ఎక్కడినుంచి వచ్చింది? తల పట్టుకుని కూర్చున్నాను.

చెయ్యి ఊరికే ఉండక పడవలో విప్పిన పాత ప్లగ్గును గుడ్డతో తుడుస్తున్నాను. అది నల్లగా, జిగురుగా ఉంది. ఒక వాసన వచ్చింది. పెట్రోలు కాదు, మామూలు ఇంజను నూనె కాదు. చిన్నప్పుడు మా అవ్వ దీపం ఆర్పినప్పుడు వచ్చే వాసన. మాడిన ఆముదం.

తలెత్తి మేకు వైపు చూశాను. ఉగ్గుగిన్నె అక్కడే వేలాడుతోంది. ఉస్తాద్ దాన్ని తీసుకుపోవడం మరిచిపోయారు.

దాన్ని దించి, ఆముదం పోసి, కింది సిలిండరుకు ఒక గిన్నె తాపి, చక్రం తిప్పి, గేజి బిగించి తాడు గుంజాను. అరవై ఐదు. ఇంకో గిన్నె పోశాను. ముల్లు లేచి ఎనభై ఐదు మీద నిలబడింది. అరిగిన రింగుల చుట్టూ చిక్కటి నూనె నిండి గాలిని బయటికి పోనివ్వడం లేదు. ఆ నూనె ఉన్నంతసేపే ఆ బలం. ఒడ్డు వెంట నెమ్మదిగా నడిపినన్నాళ్లు కొంత మిగిలింది. నది మధ్య అరగంట పూర్తిగా తెరిచేసరికి మాడిపోయింది. జూనులో గేజి అబద్ధం చెప్పలేదు, ఉస్తాద్ వేలూ అబద్ధం చెప్పలేదు. రెండూ ఆముదాన్ని కొలిచాయి. నేను అడగవలసింది అడగలేదు.

పోయిన పరికరానికి సంజాయిషీ రాయాలి. ఓవర్సీరు అంతా విని, గడ్డం గోక్కుని అన్నాడు. "పాత మేస్త్రీ చెప్పకుండా నూనె పోశాడు, అందుకని పరీక్ష తప్పు చూపించిందని రాసెయ్. వెళ్లిపోయిన మనిషే కదా. ఆయనకు కొత్తగా పోయేదేముంది?"

రాశాను. దాచి లాభం లేదు, రాశాను. చక్కటి దస్తూరీతో పేజీ నిండా రాసి, సంతకం దగ్గరికి వచ్చాను. "చెప్పకుండా" అన్న మాట మీద నా కళ్లు పడ్డాయి. చెప్పకపోవడమేమిటి? నా కళ్ల ముందే పోశారు. పక్కన నిలబడి నవ్వాను. ఆయన్ని ఇంటికి పంపిన నవ్వు ఒకటి, దానికి ముందు ఇది. ఒక మనిషిని చూసి రెండుసార్లు నవ్వి, మూడోసారి కాగితం మీద ముంచడం నావల్ల కాలేదు. ఆ కాగితం చించి ఇంకోటి రాశాను. నూనె పోయడం నేను చూశాను, వేడెక్కాక మళ్లీ పరీక్షించవలసింది, పరీక్షించలేదు, తప్పు నాది. నాలుగు వాక్యాలే అయింది. ఓవర్సీరు చదివి, "నీ ఖర్మ" అని పైకి పంపాడు. దానికింద తనే ఒక వాక్యం చేర్చాడని తర్వాత తెలిసింది, తొందరపెట్టింది తానని.

నన్ను నది మీదినుంచి తీసి కడపలో సామాన్ల గోడౌనుకు వేశారు. రెండేళ్ల తర్వాత గానీ మళ్లీ పడవ దగ్గరికి రానివ్వలేదు. కడపలో చేరవలసిన రోజుకు ముందురోజు నేను బద్వేలు బస్సెక్కాను. సంచిలో గేజి, ఉగ్గుగిన్నె ఉన్నాయి.

ఉస్తాద్ కూతురింటి అరుగు మీద కూర్చుని ఉన్నారు. రెండు నెలల్లో మనిషి సగమయ్యారు. చేతులు శుభ్రంగా ఉన్నాయి. ఆయన చేతులు అంత తెల్లగా నేనెప్పుడూ చూడలేదు, చూడలేకపోయాను. కూతురు బొరుగులతో చేసిన ఉగ్గాని తెచ్చిపెట్టి, మెల్లగా నాతో అంది. "మీరన్నా చెప్పన్నా. పక్క తోటోళ్ల పంపు ఇంజను ఆగిపోయి నాల్గు దినాలాయ. వొచ్చి సూడమని కాళ్లు పట్టుకుంటాండారు. నా చెయ్యి నమ్మొద్దంటాడు, కదలడు."

నేను ఉగ్గుగిన్నె తీసి ఆయన ముందు పెట్టాను. జరిగిందంతా చెప్పాను. గేజి అంకెలు, నది, పుట్టి, మాడిన వాసన, చివరికి నేను పోసి చూసిన రెండు గిన్నెలు. అంతా అయ్యాక ఆయన గిన్నె చేతిలోకి తీసుకుని దాని ముక్కు నిమిరారు.

"పైదానికి ఒకటి పోసినా" అన్నారు. "కిందిదానికి రెండు. దానికి బాగలేదని తెల్సు గదా. బాగలేని బిడ్డకు ఇంకొంచెం ఎక్కువ తాపల్ల అనుకుంటి."

"అవును ఉస్తాద్. అందుకే అది ఎక్కువ చూపించింది."

"అంటే డిసెంబరులో నా ఏలు చెప్పింది నిజమే."

"నిజమే."

"జూనులో చెప్పింది?"

"అదీ నిజమే ఉస్తాద్. దమ్ముండింది. కాకపోతే అది ఆముదం దమ్ము."

ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "పడవలో ఎంతమంది ఉంటిరి?" అని అడిగారు.

"ముగ్గురం. నేను కూర్చున్నాను, మీరు చెప్పినట్లే."

రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. "యా అల్లా" అన్నారు. కాసేపటికి చేతులు తీసి నా మీద విరుచుకుపడ్డారు. "నేను సదువు లేనోణ్ణి. పోసింది మర్సిపోతి. నువ్వు సదువుకున్నోనివి, పక్కన నిలబడి సూసినోనివి, నీకు గుర్తుకు రాకపాయనా? ఏం సదువప్పా అది?"

"రాలేదు ఉస్తాద్. తప్పయింది. మిమ్మల్ని చూసి నవ్వాను కూడా. అది ఇంకా పెద్ద తప్పు."

ఇన్నేళ్ల ఉద్యోగంలో పైవాళ్లకు ఎన్నో సంజాయిషీలు రాశాను. క్షమించమని నోటితో అడిగింది ఆ ఒక్కసారే. ఆయన నా వైపు చూసి, కోపం మధ్యలో ఆపి, కూతురిని పిలిచారు.

"ఆ తోట ఆయప్ప యాడుండాడు? ఇంజను కాడనే ఉండాడా?"

చెప్పులు వేసుకుని ముందు నడిచారు. నేను సంచి భుజాన వేసుకుని వెనక నడిచాను. బావి గట్టున కిరసనాయిలుతో నడిచే పాత పంపు ఇంజను ఉంది. పక్కన రైతు దిగులుగా కూర్చుని ఉన్నాడు. వెనక వరిమడి నెర్రెలిచ్చింది. ఉస్తాద్‌ను చూడగానే లేచి నిలబడ్డాడు.

ఉస్తాద్ ప్లగ్గు విప్పి పక్కన పెట్టారు. బొటనవేలు బొక్క దాకా తీసుకుపోయి, ఆపి, రైతు వైపు తిరిగారు.

"ఏమప్పా, దీనికి ఈమధ్య ఆముదం ఏమన్నా తాపినావా?"

"ఇంజనుకు ఆముదమేంది తాతా? ఇదేమన్నా సంటిబిడ్డనా?"

"అడిగినదానికి చెప్పప్పా. పోసినావా, లేదా?"

"లేదు తాతా, నా బిడ్డల మీద ఒట్టు."

ఉస్తాద్ తల ఊపి, వేలు ఒత్తిపెట్టి, నా వైపు చూశారు.

"గుంజు" అన్నారు.

గేజి సంచిలోనే ఉంది. ఆయన అడగలేదు, నేను తీయలేదు. రెండు చేతులతో తాడు పట్టుకుని గుంజాను.